వాకిలి ఎత్తెంత?

కొన్నేళ్ళ క్రితం మా వీధి గుడికి ఆంజనేయస్వామి విగ్రహం చేయించడానికి నంద్యాల నుండి నలుగురం ఆళ్ళగడ్డకు వెళ్ళాము. అక్కడి శిల్పుల సంగతి మీకు తెలియనిది కాదు. బయానా సొమ్ముతో వెళ్ళిన మాకు ఆ పెద్దాయన ముందుగా పరీక్ష పెట్టాడు. స్వామి అంజలి ఘటించి ఉండాలా, అభయమివ్వాలా? అభిషేకం నిత్యమా, పర్వదినాలకేనా? గర్భగుడి లోపలి కొలత ఎంత? వాకిలి ఎత్తెంత? చివరి ప్రశ్నకు ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము.

"కొలుచుకొని రాండి సార్, రాయి యాడికీ పోదు" అన్నాడు. బయానా ముట్టుకోలేదు.

తిరుగు బస్సులో నాకు మా ఇల్లు గుర్తుకు వచ్చింది.

పదవీ విరమణ సొమ్ముతో నంద్యాలలో కట్టించిన ఇల్లది. ప్లాను గీసిన వారి పేరు అనవసరం. స్థలం కొలతలు, పడకగదుల సంఖ్య, చేతిలో ఉన్న సొమ్ము అడిగారు. మరునాటికి కాగితం వచ్చింది. మాకు లేని కారుకు చోటు, వీధి కనబడని ప్రహరీ, పట్టుకోవడానికి ఏమీ లేని ఏడు మెట్లు. పల్లెలో మిద్దె ఇంటి అరుగు మీద పొద్దున్నే కూర్చుని వచ్చేపోయే వారిని పలకరించడం మా అమ్మకు అలవాటు. గృహప్రవేశం నాడు ఆమె అడిగింది ఒక్కటే: "అరుగు యాడరా నాయనా?" తన చివరి మూడేళ్ళు వెనుక గదిలోనే గడిచాయి.

తప్పంతా గీసినవారి మీద వేయలేను. ఈశాన్యం గురించి మూడు సాయంత్రాలు వాదించిన నేను, అమ్మ ఎక్కడ కూర్చుంటుందో అనుకోనైనా లేదు.

వాక్యానికి యోగ్యత, ఆకాంక్ష, ఆసత్తి ఉండాలని ఏళ్ళ తరబడి పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. ఇంటికి ఆకాంక్ష ఉంటుందని తోచలేదు. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం కింద ఏర్పడిన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్, ఆర్కిటెక్టు చేయవలసిన పనుల పట్టికలో మొట్టమొదట పెట్టినది యజమాని చెప్పేది విని, అవసరాలను రాసుకోవడమే. గీత ఆ తరువాతి మాట.

"యజమానికే ఏం కావాలో తెలియదండీ" అంటారు ఇంజనీర్లు. నిజమే. మాకూ వాకిలి ఎత్తు తెలియదు. తెలియదు గనుకనే శిల్పి అడిగాడు. పూర్వం మిద్దెలు కట్టిన మేస్త్రీ ఏమీ అడిగేవాడు కాదని మరికొందరి వాదన. ఆయనకు అడగవలసిన పనేముంది? ఆ ఊరివాడే. ఎద్దులెన్నో, గింజలెక్కడ దాస్తారో, ఏ ముసలమ్మకు చూపు ఆనదో అన్నీ ఎరుగును. నల్లరేగడి ఎండకు ఎలా నెర్రెలిస్తుందో, మిద్దె మీద చవుడు ఎంత మందాన పరవాలో చేతులకే తెలుసు. ఊరూ పేరూ ఎరుగని మనుషులకు ఇళ్ళు గీసేవారు ఆయన మౌనాన్ని మాత్రం వారసత్వంగా తీసుకుంటే ఎలా?

అన్నట్టు, వాకిలి కొలిచి మళ్ళీ వెళ్ళాము. మేము మొదట చెప్పిన విగ్రహం అందులో పట్టేదే కాదు. తగిన ఎత్తులో చెక్కి ఇచ్చాడు.

ఇల్లు కట్టబోయే మిత్రుల కోసం ప్లానుకు ముందు అడగవలసిన ప్రశ్నలను కూర్చుతున్నాను. మీకు తోచినవి చేర్చండి. మొదటిది రాసి ఉంచాను: ఇంట్లో పెద్దవారు పొద్దున పూట ఎక్కడ కూర్చుంటారు?