దేవభూమిలో దీనుల గృహం

భగవంతునికి అర్పితమైన భూమిని గృహనిర్మాతతో కలిసి వినియోగించడం ధర్మసమ్మతమేనా? లివర్‌మోర్, మాలిబు వంటి చోట్ల తెలుగు భక్తులు సేవించే ఆలయాలున్న కాలిఫోర్నియా రాష్ట్రంలో ఈ ప్రశ్న నేడు సజీవం. 2024 జనవరి 1 నుండి అమలులో ఉన్న ‘ఎస్.బి. 4’ శాసనం, నిర్దిష్ట ప్రమాణాలను పాటించే ధార్మిక సంస్థలు తమ స్థలాలలో అల్పాదాయవర్గాలకు ఇళ్లు కట్టడాన్ని సుగమం చేసింది. అద్దె ఇళ్లు 55 సంవత్సరాలు ఆ వర్గాలకు అందుబాటులో ఉండాలన్నది అందులోని నియమం.

దేవద్రవ్యం వర్తకుని పాలవుతుందన్న శంక నిరాధారం కాదు. నిర్మాతకు మూలధనం, నైపుణ్యం ఉన్నాయి, లాభాపేక్షా ఉంది. అయితే పరిహారం నిరాకరణంలో లేదు, నిబంధనలో ఉంది. ఈశావాస్యోపనిషత్తు దృష్టిలో సమస్తమూ ఈశ్వరునిదే. కనుక ధర్మకర్త స్వామి కాడు, నిక్షేపరక్షకుడు మాత్రమే. రక్షకునికి విక్రయాధికారం ఎక్కడిది? భూమిని అమ్మరాదు, దీర్ఘకాలపు లీజుకే ఇవ్వాలి. గడువు తీరిన పిదప భూమితోపాటు భవనాలూ ఆలయానికే చెందాలి. నివాసార్థి కులమతాలను విచారించరాదు. అన్నదాన పంక్తిలో ఎవరూ విచారించరు కదా!

55 సంవత్సరాలతో శాసనం తృప్తి చెందుతుంది. అర్పణకు మాత్రం కాలపరిమితి లేదు. ఆ పిమ్మట కూడా అద్దె పేదవానికి అందుబాటులో ఉండాలన్న వాక్యాన్ని తొలి ఒప్పందపత్రంలోనే లిఖించాలి. అది లేని భాగస్వామ్యం ఎంత సుందర భవనాన్ని నిర్మించినా వాణిజ్యమే. అది ఉన్నదే కైంకర్యం.