పిల్లికి తలంటా?

ఈ యేడు భోగి నాటి తెల్లవారుజామున మా పక్కింటి పెరటిలోనుండి పసిబిడ్డ ఏడుపు వంటి ధ్వని వినవచ్చింది. ప్రహరీ మీదుగా తొంగి చూశాను. బకెట్టులో నాలుగు నెలలైనా నిండని పిల్లికూన. మెడ ఒడిసిపట్టుకొని ఇంటాయన, కుంకుడుకాయ రసం పోస్తూ ఇల్లాలు. "పండుగపూట ఇంటిల్లిపాదికీ తలంటు పోశాం మాస్టారూ, దీన్ని మాత్రం ఎందుకు వదలాలని" అన్నదామె నవ్వుతూ. ఆమెది దుర్మార్గం కాదు, ప్రేమే. నా కలహమంతా ఆ ప్రేమతోనే.

ఆరోగ్యంగా ఉన్న పిల్లికి నీళ్లస్నానం అక్కరలేదు. ఈ మాట చెప్పగానే విద్యావంతులు సైతం ముఖం చిట్లిస్తారు. "స్నానం చేయని జంతువును మంచం ఎక్కనిస్తారా?" అంటారు. "అది నాక్కుంటుంది కదా, అదొక శుభ్రమా? ఒళ్లంతా ఎంగిలే!" అంటారు. అసలు వ్యాధి ఈ రెండవ మాటలో ఉన్నది. ఎంగిలి అనేది మనిషికి మనిషి పెట్టుకున్న నియమం. దానిని పిల్లి మీద రుద్ది, దాని నాలుకను మైలపరచి, ఆ మైల పోగొట్టడానికి బకెట్టు తెచ్చాము.

ఆ నాలుక ఎటువంటిదో ఒక్కసారి అరచేతి మీద నాకించుకొని చూడండి. ఆకురాయి వలె గరగరలాడుతుంది. మన గోటికి ఏ ధాతువో ఆ కెరటిన్‌తోనే తయారైన ముళ్లు దాని మీద వరుసలుగా ఉంటాయి, కొనలు గొంతు వైపునకు వంగి. జార్జియా టెక్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్సిస్ నోయెల్, డేవిడ్ హూ ఈ ముళ్లను పరిశీలించి 2018లో ప్రకటించిన విషయం నన్ను ఆశ్చర్యపరచింది. ఒక్కొక్క ముల్లు కొన చిన్న దోనె వలె గుల్లగా ఉంటుందట. అది లాలాజలాన్ని పట్టి, పైబొచ్చు దాటించి, అడుగు బొచ్చు వరకు చేరవేస్తుంది. ఇంటిపిల్లి మొదలు సింహం, పెద్దపులి దాకా వారు చూసిన ఆరు జాతులలోనూ ఇదే ఏర్పాటు. అనగా పిల్లి పూసుకునేది ఎంగిలి కాదు, దువ్వెనా నీళ్లచెంబూ ఒకటిగా చేసుకొని తలదువ్వుకుంటున్నది. మెలకువగా ఉన్న సమయంలో సుమారు నాలుగవ వంతు ఈ పనికే వెచ్చిస్తుంది. మనలో ఎవరం అంతసేపు స్నానం చేస్తున్నాము?

శాస్త్రం పేరు చెప్పి వాదించేవారికి శాస్త్రమే చెబుతాను. స్మృతులు స్నానాన్ని ఏడు విధాలుగా చెప్పాయి: మాంత్రం, భౌమం, ఆగ్నేయం, వాయవ్యం, దివ్యం, వారుణం, మానసం. వీటిలో నీట మునిగేది వారుణమే. ఒంటికి భస్మం అలదుకుంటే ఆగ్నేయం, గోధూళి సోకితే వాయవ్యం. నీరు పడని మనిషికి ఇన్ని దారులు విడిచిన సంప్రదాయంలో పిల్లికి ఒక్క దారీ లేకపోయిందా? హితోపదేశంలో దీర్ఘకర్ణమనే మార్జాలం ముసలి గ్రద్ద జరద్గవం వద్దకు వచ్చి, తాను గంగాతీరంలో నిత్యం స్నానమాడుతూ మాంసం ముట్టక వ్రతం చేస్తున్నానని నమ్మబలుకుతుంది. పిమ్మట చెట్టు మీది పక్షిపిల్లలన్నింటినీ భక్షిస్తుంది. ఆ నింద గ్రద్ద మీద పడి దాని ప్రాణం పోతుంది. మన సాహిత్యంలో నేనెరిగిన నిత్యస్నాయి పిల్లి అదొక్కటే, అదీ అబద్ధమాడింది.

పరిహాసం అటుంచుతాను. ఈ విషయంలో ఇంత పట్టుదల నాకు ఒక అపరాధం వలన వచ్చింది. ఇరవై ఏళ్ల క్రిందట మా యింట గోధుమవన్నె పిల్లి ఉండేది. ఒక శ్రావణమాసంలో బురదలో పొర్లి వచ్చింది. గోరువెచ్చని నీళ్లలో, గాయాలు కడిగే మందు, పోయగానే నీరు పాలవలె తెల్లబడుతుందే, అది రెండు మూతలు వేసి నేనే ముంచి తీశాను. క్రిములు చస్తాయని నా పాండిత్యం. ఆ రాత్రంతా అది ఒళ్లు నాక్కుంటూ కూర్చుంది. మరునాటికి నోటి వెంట చొంగ, నాలుక నిండా పుండ్లు. పాలగిన్నె దాకా వచ్చి, వాసన చూసి, వెనుదిరిగేది. నాలుగవ నాడు పోయింది. ఫినాల్ జాతి పదార్థాలను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి బహు స్వల్పమనీ, ఒంటికి పూసినదేదైనా దాని కడుపులోకే చేరుతుందనీ పశువైద్యుడు చెప్పగా అప్పుడు తెలిసింది. బురదను అలాగే వదిలివేసి ఉంటే పూటలో ఆరి, దువ్వితే రాలిపోయేది.

అందుచేత చెబుతున్నాను. బురద అంటితే ఆరనిచ్చి దువ్వండి. పొట్టిబొచ్చు పిల్లికి వారానికి ఒకటి రెండు మార్లు దువ్వితే సరిపోతుంది. రాలే బొచ్చు దువ్వెనకు వస్తుంది, దాని కడుపులో ఉండ కట్టదు. పర్షియన్ వంటి పొడుగుబొచ్చు వాటి సంగతి వేరు. వాటి నాలుక ముళ్లు చర్మం దాకా అందవని పైన చెప్పిన పరిశోధకులే చూపారు, కనుక ఆ పని నిత్యం మనదే. చిక్కులను కొన నుండి మొదలుపెట్టి విడదీయాలి, లాగరాదు. మరకలకు పాత ధోవతి పీలికను గోరువెచ్చని నీట ముంచి, గట్టిగా పిండి, బొచ్చు వాలు వెంబడి తుడవాలి. కంటి పుసులకు ఏ కంటికి ఆ కంటికి వేరు దూది. దోమలవలె కుట్టే గోమార్లకు మన పేలదువ్వెనే పరమౌషధం, దువ్వినప్పుడల్లా సబ్బునీటిలో ముంచితే అవి చస్తాయి. కుక్కల కొరకు అమ్మే పర్మెత్రిన్ మందు మాత్రం పిల్లికి విషం, దానిని ఇంటికి తేవద్దు. అది మలవిసర్జనకు వాడే ఇసుకతొట్టిని ఏనాటికానాడు శుభ్రం చేయండి. ఆ తొట్టిలో తొక్కిన కాళ్లనే కదా నాకుతుంది! మురికి తొట్టిని వదిలి పిల్లిని కడిగేవారిని చూస్తే నాకు ఆగ్రహం వస్తుంది.

పిల్లి బొచ్చు పడక తుమ్మేవారి కొరకు స్నానం అంటారు. ఆ తుమ్ములకు కారణమైన పదార్థం దాని లాలాజలం నుండీ చర్మం నుండీ వస్తుంది. కడిగితే తగ్గుతుంది, వారం తిరగకుండానే మళ్లీ మొదటికి వస్తుంది.

నీళ్లు తప్పని వేళలు లేకపోలేదు. ఇంజనాయిలో, రంగో, ఫినాయిలో మీద పడితే తక్షణమే కడగాలి, లేకుంటే నాకేస్తుంది. తామర వంటి చర్మవ్యాధికి వైద్యుడు చెబితే పోయాలి. అసలు బొచ్చే లేని స్ఫింక్స్ జాతికి ఒంటి జిడ్డు పోవడానికి స్నానం కావాలి. వీటిని చూపి అన్ని పిల్లులనూ ముంచడం, జ్వరం వచ్చినవానికి పెట్టే లంకణం ఊరందరికీ పెట్టడమే.

ఇంకొక మాట, ఇది అన్నిటికంటె ముఖ్యం. నిన్నటిదాకా నిగనిగలాడిన పిల్లి ఒంటి బొచ్చు జిడ్డుపట్టి జడలు కట్టిందంటే అది సోమరితనం కాదు. పళ్లనొప్పో, కీళ్లనొప్పో, లోపలి జబ్బో, వీపు అందనంత స్థూలకాయమో ఉండవచ్చు. దానిని స్నానాలగదికి కాదు, వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. మురికి కడిగివేస్తే ఆ పిల్లి చెప్పదలచిన మాటనే కడిగివేసినట్లు.

ఇక భోగి నాటి కూన. ప్రహరీ దాటి వెళ్లి, బ్రతిమాలి, దానిని నా తువ్వాలులో చుట్టి మా వంటింటిలో వెచ్చగా కూర్చోబెట్టాను. అరగంట వణికింది. పిమ్మట మెల్లగా తల బయటపెట్టి, భుజం నుండి మొదలుపెట్టి నాక్కోసాగింది. కుంకుడు చేదుకు మధ్యమధ్య ముఖం చిట్లిస్తూనే ఉంది. పక్కింటి ఇల్లాలు గుమ్మంలో నిలబడి చూసి, "అయ్యో మాస్టారూ, అంతసేపు కష్టపడి పోస్తే, మళ్లీ ఒళ్లంతా ఎంగిలి చేసుకుంటోంది!" అన్నది.