పెళ్లి పాటల లిస్టు డీజే చేతికి ఎందుకివ్వాలి?

పెళ్లి కుదిరిన రోజు నుంచి మన ఇళ్లల్లో ప్రతిదానికీ చర్చే. శుభలేఖలో ఎవరి పేరు ముందుండాలి, చీరలు కావలిలో కొనాలా నెల్లూరు పోవాలా, చేపల పులుసులో మామిడికాయ వేయాలా వద్దా అని వారాల తరబడి మాట్లాడుకుంటాం. వంటాయన ముందు కూర్చుని గుత్తొంకాయ కోసం గంటసేపు వాదిస్తాం. రిసెప్షన్‌లో మూడు గంటలసేపు ఊరందరి చెవుల్లో పడే పాటల సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. "డీజే అబ్బాయి చూసుకుంటాడులే" అని ఒక్క మాటతో తేల్చేస్తాం. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మాది జువ్వలదిన్నె. సముద్రం మీద బతికే ఊరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేతిలో డబ్బాడని రోజులే గానీ, మనుషులందరూ ఒకచోట దొరికేది కూడా అప్పుడే. ముహూర్తం కుదిరితే చాలు, పందిళ్లు లేస్తాయి. పందిరి పక్కనే మనిషెత్తు బాక్సులు లేస్తాయి. ఈ రెండు మూడేళ్లలో నేను పోయిన రిసెప్షన్లు లెక్కపెట్టడానికి వేళ్లు చాలవు. అన్నిట్లోనూ ఒకటే లిస్టు. "ఊ అంటావా మావా", "కుర్చీ మడతపెట్టి", "దబిడి దిబిడి". ముందర పదిహేను మంది మగపిల్లలు ఎగురుతుంటారు. ఆడవాళ్లం ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని చూస్తుంటాం. పెళ్లి మనది, ఖర్చు మనది, సంబరం మాత్రం ఆ పదిహేను మందిది.

ఈ మాట అంటే చాలు, "పెద్దమ్మకి కొత్త పాటలు పడవు" అని మా మరిది కొడుకు నవ్వుతాడు. కొత్తా పాతా కాదు నా గొడవ. చంద్రబోస్ రాసిన "నాటు నాటు"కి 2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది. అంతకంటే ఊపున్న పాట ఏముంది? దానికి ఆరేళ్ల పిల్లాడు ఆడొచ్చు, అరవై ఏళ్ల తాత ఆడొచ్చు, ఎవరూ తల దించుకోవాల్సిన పని లేదు. "ఊ అంటావా" రాసింది కూడా ఆ చంద్రబోసే. తెలుగు బి.ఏ. చదువుకున్నదాన్ని గనక చెప్తున్నా, సాహిత్యంగా అది తెలివైన పాట. చురక ఆడవాళ్లకు కాదు, మగవాళ్ల చూపుకి. 2021లో ఆ పాట వచ్చినప్పుడు అభ్యంతరం చెప్పింది కూడా ఒక మగవాళ్ల సంఘమే. కానీ బాక్సులు అదిరిపోతుంటే చురక ఎవరికి వినపడుతుంది? మిగిలేది దరువూ, దాంతోపాటు సినిమాలో చూసిన ఊపులూ. రాసే ఆయన రెండు రకాలూ రాస్తాడు. అది ఆయన వృత్తి. పెళ్లి పందిట్లో ఏది మోగాలో తేల్చాల్సింది మనం.

"కుర్చీ" పాట సంగతి చెప్పనే అక్కర్లేదు. సినిమాకంటే ముందే ఆ మాట ఫోన్లలో తిరిగింది. దాని వెనకున్న తిట్టు తెలియని వాళ్లు లేరు. ఆ పాటకి పట్టుపావడా కట్టిన తొమ్మిదేళ్ల పిల్లని ముందుకు తోసి, "ఆ స్టెప్పు వెయ్యమ్మా, ఆ స్టెప్పు" అని ఫోన్లు పట్టుకుని నిలబడతారు. ఎవరో పరాయివాళ్లు కాదు, సొంత మేనత్తలు, బాబాయిలు. సినిమా పాటల్లో అసభ్యమైన స్టెప్పులు ఆడవాళ్లని కించపరిచేలా ఉన్నాయని 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ సినిమావాళ్లని హెచ్చరించింది. మంచిదే. అవే స్టెప్పులు మన పిల్లతో మన పందిట్లో వేయిస్తే మనల్ని హెచ్చరించడానికి ఏ కమిషన్ వస్తుంది?

"మీ కాలంలో మాత్రం మోటు పాటలు లేవా?" అని అడిగేవాళ్లున్నారు. ఉన్నాయి. బిరుదురాజు రామరాజుగారి జానపద గేయ సాహిత్యం పుస్తకం మాకు కాలేజీలో గురువులు చదివించారు. పెళ్లి పాటలంటే నలుగు పాటలూ, అప్పగింతల పాటలూ మాత్రమే కాదు. వియ్యపురాలిని పట్టుకుని ఆమె తిండినీ, ఒళ్లునీ, పిసినారితనాన్నీ ఏకిపెట్టే పాటలు బోలెడు. కానీ ఒక్క తేడా చూడండి. అక్కడ పాడేది ఆడవాళ్లు, పాడించుకునేదీ ఆడమనిషే. వియ్యపురాలి వైపు వాళ్లు ఊరుకోరు, అంతకి రెండింతలు తిరగ్గొడతారు. మాటకి మాట ఉంటే అది సరసం. బాక్సులోంచి వచ్చే పాటకి బదులేం చెప్తాం? కుర్చీలోంచి లేచి లోపలికి పోవడం తప్ప వేరే జవాబు లేదు.

రెండో పక్కన ఇంకో రకం పెద్దమనుషులున్నారు. "అసలు ఆడపిల్ల ఎగరడమేంది, సన్నాయి మేళం పెట్టి ఊరుకోండి" అంటారు. వాళ్లతోనూ నాకు కుదరదు. 2021లో మంచిర్యాల వైపు ఒక పెళ్లికూతురు మోహన భోగరాజు పాడిన "బుల్లెట్టు బండి" పాటకి పెళ్లికొడుకు ముందు ఆడితే రాష్ట్రాలు రెండూ మురిసిపోయాయి. ఎందుకు? అందులో మాట్లాడేది పెళ్లికూతురు. ఎంచుకున్నదీ ఆడిందీ ఆ పిల్లే. ముఖంలో సంతోషం కనపడుతోంది. ఇప్పుడు మన దగ్గర ఏం జరుగుతోంది? ముహూర్తం అర్ధరాత్రి, కునుకు లేదు, తలమీద మూరలకొద్దీ పూలు, ఒంటిమీద బరువైన చీర. అలాంటి పిల్లని చెయ్యి పట్టి లాగి, పెళ్లికొడుకు స్నేహితులు అడిగిన పాటకి ఆడమంటారు. వద్దంటే "పొగరు" అని పేరు. ఆ పేరు అత్తారింటికి ఆమెకంటే ముందే చేరుతుంది. ఆడాలనున్న పిల్లని ఆపడం ఎంత తప్పో, వద్దన్న పిల్లని లాగడమూ అంతే తప్పు.

లిస్టు ఇంటివాళ్లే ఎందుకు రాయాలంటే, అన్నిటికంటే పెద్ద కారణం ఒకటుంది. పందిట్లో ఎవరు కూర్చున్నారో మనకి తెలుసు, డీజేకి తెలియదు. "ఉప్పెన", "తండేల్" వచ్చాక సముద్రం పాటలంటే కుర్రాళ్లకి మోజు. బాగుంటాయి, మా బతుకు తెరమీద చూసుకున్నట్టుంటుంది. కానీ పడవ మీద పోయి తిరిగిరాని మగడి కోసం ఎదురుచూసిన ఆడవాళ్లు ఇలాంటి ఊళ్లల్లో ఉంటారు. అలాంటామె చంటిబిడ్డని ఒళ్లో పెట్టుకుని మూడో వరసలో కూర్చున్నప్పుడు సముద్రం మీద విరహం పాట మోగిస్తే ఆమెకెలా ఉంటుంది? కావలి నుంచి ట్రాలీ ఆటోలో బాక్సులేసుకొచ్చిన అబ్బాయిని తప్పుపట్టలేం. వాడికెవరు చెప్పారు గనక? చెప్పాల్సింది మనం. మనుషుల్ని ఎరిగి కూర వడ్డించినట్టే పాట వడ్డించాలి.

పార్టీ పాటలు, హీరోల పేర్లతో కేకలు మరో తలనొప్పి. ఒకరి హీరో పాట రెండుసార్లు పడి ఇంకొకరిది పడకపోతే కుర్చీలు లేస్తాయి. వియ్యపువారికి చెయ్యి కడుక్కోవడానికి నీళ్లిచ్చే టైముకి మనం కొట్లాట విడదీస్తుంటాం. పెళ్లి పందిరి ఎన్నికల సభ కాదు, సినిమా హాలు కాదు. ఈ రెండు రకాలూ లిస్టులో ఉండకూడదు, అంతే.

శబ్దం సంగతికొస్తే, నియమం ఉండనే ఉంది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకులు మోగించకూడదు. ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. 2005లో సుప్రీంకోర్టు కూడా ఈ పది గంటల హద్దుని గట్టిగా చెప్పింది. "పెళ్లి రోజూ వస్తుందా" అంటారు. మనకి రోజూ రాదు. పక్కింటి గుండెజబ్బు ముసలాయనకి మాత్రం సీజన్‌లో వారానికొక పెళ్లి.

మరి ఏం చేద్దాం? లెక్క చెప్తా. పాట నాలుగు నిమిషాలనుకున్నా, మధ్యలో ఫొటోలూ కేకలూ పోను, గంటన్నరలో పట్టేది ఇరవై పాటలు. వాటిని నాలుగు వాటాలు చేయండి. ఐదు పెద్దవాళ్లకి, ఐదు ఆడవాళ్లకి, ఐదు పిల్లలకి, ఐదు కుర్రాళ్లకి. ప్రతి వాటాలోనూ సగం అమ్మాయి వైపు, సగం అబ్బాయి వైపు. మిగిలిన బేసి పాటని వధూవరులిద్దరూ కూర్చుని తేల్చుకుంటారు. పెద్దవాళ్లకి పాటలెక్కడివి అనకండి. 1971లో వచ్చిన "దసరా బుల్లోడు" పెట్టి చూడండి. పాటలు రాసిన ఆత్రేయ సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టినాయన, తెరమీద ఆడిన వాణిశ్రీ మా నెల్లూరు ఆడపడుచు. ఆ తర్వాత మా నెల్లూరు బాలు పాడిన హుషారు పాటలు ఎన్ని కావాలంటే అన్ని. ఆ దరువు వినపడితే మోకాళ్ల నొప్పులున్న మా అత్త కూడా కుర్చీలోంచి లేస్తుంది.

ఈ వైశాఖంలో మా ఆడపడుచు కూతురి రిసెప్షన్. లిస్టు నేను రాస్తున్నానని తెలిసి మరిది కొడుకు వచ్చాడు.

"పెద్దమ్మా, మా ఐదింట్లో కూడా నువ్వు వేలు పెడతావా ఏంది?"

"పెట్టను నాయనా. ఒకటే షరతు. ఆ పాటకి మీ చెల్లెలు ముందు నిలబడి ఆడితే నీకు సిగ్గనిపించకూడదు. అనిపించదంటే రాసుకో."

వాడు కాసేపు గోడకానుకుని ఫోన్‌లో వెతుకుతూ నిలబడ్డాడు. రాసుకొచ్చిన ఎనిమిదింట్లో నాలుగు వాడే కొట్టేశాడు. నేనొక్కటీ కొట్టలేదు.

మీ ఇంట్లో పెళ్లుంటే డీజేకి అడ్వాన్సు ఇచ్చే రోజునే లిస్టు కాగితం మీద రాసి చేతిలో పెట్టండి. ఇందులో లేనిది ఎవరొచ్చి అడిగినా వేయొద్దని, పది కొట్టగానే ఆపేయాలని డబ్బు మాట్లాడుకునేటప్పుడే మాట్లాడుకోండి. పెళ్లికూతురిని పక్కకి పిలిచి, ఆడాలనుందా లేదా అని ఒక్కసారి అడగండి. వద్దంటే ఆ మాట మగపెళ్లివారికి మీరే ముందుగా చెప్పేయండి, ఆ పిల్ల నోటితో చెప్పించకండి.