పరిశోధనకు కావలసిన కాలము

కంప్యూటరు శాస్త్రములో డాక్టరేటును గూర్చి మన పత్రికలలో ప్రస్తావన వచ్చినప్పుడెల్ల అది రెండు అంచులయందే తిరుగుచున్నది: ఒకవైపు అమెరికా విశ్వవిద్యాలయమున ప్రవేశము పొందిన యువకుని కీర్తి, మరియొకవైపు రుసుము చెల్లించి పరిశోధన పత్రములు అచ్చు వేయించుకొనువారి అపకీర్తి. ఈ రెంటికిని నడుమ, పగలెల్ల బి.టెక్. తరగతులకు పాఠములు చెప్పి, సాయంకాలము ల్యాబులో విద్యార్థుల రికార్డులు దిద్ది, అడ్మిషన్ల కాలము వచ్చెనేని ఊరూరా తిరిగి పిల్లలను చేర్పించు భారమును కూడ మోసి, సెలవు దొరికిన నాడు గైడును కలియుటకై రైలెక్కు అధ్యాపకులు కావలి వంటి పట్టణములలో ఎందరో ఉన్నారు. మన రాష్ట్రమున కంప్యూటరు శాస్త్ర పరిశోధన నిలుచుటయు నిలువకపోవుటయు విదేశములకు పోయిన వారికన్న వీరిపైననే ఎక్కువగా ఆధారపడి యున్నదని నా దృఢ విశ్వాసము. వీరికి బుద్ధి ఉన్నది, శ్రద్ధ ఉన్నది, కాలము లేదు.

ఈ శాస్త్రమునకు ఆద్యులైన వారిలో ఒకరు మన పొరుగువారే. దబ్బాల రాజగోపాలరెడ్డి, లోకమునకు రాజ్ రెడ్డిగా పరిచితులు, 1937లో శ్రీకాళహస్తి ప్రాంతమునందలి కాటూరు గ్రామమున జన్మించిరి. మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టభద్రులై, ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమున ఉన్నత విద్య ముగించి, మూడేండ్లు ఐబీఎం సంస్థలో ఉద్యోగము చేసి, ఆ మీదట స్టాన్‌ఫర్డు చేరి, కృత్రిమ మేధకు ఆ పేరు పెట్టిన జాన్ మెకార్తీ పర్యవేక్షణలో 1966లో డాక్టరేటు పొందిరి. అప్పటికి స్టాన్‌ఫర్డులో కంప్యూటరు శాస్త్ర శాఖ వెలసి నిండ రెండేండ్లు కాలేదు; అమెరికాలో ఈ శాస్త్రము పేర తొలి డాక్టరేట్లు వెలువడినది 1965 జూన్ నెలలోనే. పాఠ్యగ్రంథములు గాని, ప్రశ్నాపత్రములు గాని, ఉద్యోగ నిబంధనలు గాని ఏర్పడక పూర్వమే, మనిషి నోట వెలువడు ధ్వని తరంగమును విశ్లేషించి అందలి మాటను యంత్రము పోల్చుకొనగలదా అను ఒక్క ప్రశ్నను పట్టుకొని ఆయన సిద్ధాంత గ్రంథము వ్రాసిరి.

ఆ ప్రశ్న ఆయనతో ముగియలేదు. 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు మారిన పిదప అదే ప్రశ్నను శిష్యులు ఒకరి వెనుక నొకరు అందుకొనిరి. డ్రాగన్ అను యంత్ర విధానమును నిర్మించిన జేమ్స్ బేకర్ 1975లోను, వేయి పైచిలుకు మాటలను గుర్తింపగల హార్పీని నిర్మించిన బ్రూస్ లోయర్ 1976లోను, పలుకువారెవరైనను గ్రహింపగల స్ఫింక్స్‌ను నిర్మించిన కాయ్ ఫు లీ 1988లోను డాక్టరేట్లు పొందిరి. 1994లో ఎడ్వర్డ్ ఫీగెన్‌బామ్‌తో కలసి రాజ్ రెడ్డి ట్యూరింగు పురస్కారము నందుకొనునాటికి, ఆ బహుమానమును పొందిన ఆసియా సంతతివారిలో ఆయనయే ప్రథములు. మన సభలలో ఈ కథను చెప్పువారు కాటూరి నుండి కాలిఫోర్నియా వరకు సాగిన వ్యక్తి ప్రతిభనే పొగడి ఊరకుందురు. నాకు అందులో కనిపించునది వేరొకటి. ఒక ప్రశ్నకు ఇరువది ఏండ్ల ఆయుర్దాయము దొరికినది; దానిని మోయుటకు ఒక గురువు, ఒక యంత్రము, ఒక శిష్యబృందము, ఫలితమునకై తొందరపడక ధనమిచ్చిన ఒక ప్రభుత్వ విభాగము దొరికినవి. డాక్టరేటు ఒంటరి తపస్సు అను భావము మన మనస్సులలో పాతుకొని యున్నది గాని, అది సహవాసము చేతనే ఫలించునని ఈ చరిత్ర చెప్పుచున్నది.

కావలి అట్టి సహవాసము నెరుగని ఊరు కాదు. దొడ్ల రామచంద్రారెడ్డిగారు విశ్వోదయ సంస్థను నెలకొల్పి, జవహర్ భారతి కళాశాలను తీర్చిదిద్దినప్పుడు, సముద్రమునకు సమీపముననున్న ఈ చిన్న పట్టణమునకు పండితులును కవులును తరలివచ్చిరి. గురజాడపై ‘మహోదయం’ రచించిన కె.వి. రమణారెడ్డిగారు ఈ కళాశాలలోనే అధ్యాపకులు. నెల్లూరిలో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయము 2008లో ఏర్పడిన తరువాత, కావలి పి.జి. కేంద్రము దానిలో భాగమైనది. ఇంజనీరింగు విద్య మాత్రము అనంతపురము జేఎన్‌టీయూ ఛాయలో నడచుచున్నది. అనగా ఈ తీరమున నున్న అధ్యాపకుని పరిశోధన వ్యవహారములు రాయలసీమ ఆవలి కొసన తీర్మానమగుచున్నవి.

ఇక డాక్టరేటు ఇంత అవసరమైన వస్తువు ఎట్లైనదో చూడవలెను. ఇంజనీరింగు కళాశాలలో అసోసియేటు ప్రొఫెసరు కావలెనన్నచో పీహెచ్‌డీ ఉండి తీరవలెనని సాంకేతిక విద్యా మండలియైన ఏఐసీటీఈ నిబంధన. నాణ్యతను మదింపు చేయు నాక్ బృందము వచ్చినను, ఎన్‌బీఏ బృందము వచ్చినను, డాక్టరేటు గల వారెందరని మొదట లెక్క అడుగుదురు. విశ్వవిద్యాలయ శాఖలలో అసిస్టెంటు ప్రొఫెసరు పదవికి సైతము పీహెచ్‌డీ తప్పనిసరియని 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘమైన యూజీసీ శాసించి, 2021 జూలై అని గడువు పెట్టి, కరోనా వలన దానిని 2023కు జరిపి, తీరా ఆ గడువు వచ్చునప్పటికి అర్హత పరీక్షలైన నెట్టో సెట్టో చాలునని వెనుకకు తగ్గెను. ఈ అయిదేండ్లలో భయము చేత రిజిస్టరు చేసికొన్న వారి సంగతి ఎవరు చూచిరి? పత్రముల కథయు ఇట్టిదే. సిద్ధాంత గ్రంథము సమర్పించుటకు ముందు ఒక జర్నలు వ్యాసమును, రెండు సదస్సు ప్రసంగములును ఉండవలెనని 2016 నాటి నిబంధన. దాని నాశ్రయించి, పక్షము దినములలో అచ్చు వేసెదమని ప్రకటించుకొను జర్నళ్లు పుట్టగొడుగులవలె లేచినవి. వానిని అరికట్టుటకు, యూజీసీ గుర్తించిన జర్నళ్ల కేర్ పట్టిక వచ్చినది. 2022 నవంబరు నిబంధనలలో ఆ షరతు తొలగినది. 2025 ఫిబ్రవరిలో పట్టికయు పోయినది. షరతును తొలగించుట మంచి పనియే యని నా అభిప్రాయము. కాని షరతు పోయినంత మాత్రమున అలవాటు పోదు.

అలవాటనగా ఏమో దగ్గరగా చూతము. యంత్రాభ్యసనమునకు సంబంధించిన సిద్ధాంత గ్రంథములలో తరచుగా కానవచ్చు సమాచార పట్టిక యొకటి కలదు. అమెరికాలో అరిజోనా ప్రాంతపు పీమా తెగకు చెందిన 768 మంది స్త్రీల వయస్సు, శరీర ద్రవ్యరాశి సూచి (బీఎంఐ), రక్తపోటు, రక్తములోని గ్లూకోజు మున్నగు అంకెలును, వారికి మధుమేహము వచ్చినదా లేదా యను మాటయు అందులో ఉండును. ఎవరైనను ఉచితముగా దింపుకొనవచ్చును. దానిపై ఒక పాత పద్ధతిని, దానికి మరియొక పద్ధతిని జోడించి, ఖచ్చితత్వము ఒక శాతము పెరిగినదని చూపి, ఒక అధ్యాయము ముగింతురు. ఆ పట్టికలో రక్తపోటు సున్న యని నమోదైన వరుసలు కలవు. జీవించియున్న మనిషికి రక్తపోటు సున్న ఉండదు, అది కొలవని చోటు. ఈ సంగతిని గమనింపక లెక్క కట్టిన పత్రములు లేకపోలేదు. కావలి ఏరియా ఆసుపత్రికి దినదినము వచ్చు మధుమేహ రోగులను ఒక్కసారి కూడ చూడక, ఎన్నడో దూరదేశమున సేకరించిన అంకెలతో మన అధ్యాపకుడు ఎందుకు తృప్తిపడుచున్నాడని ప్రశ్నించుట సులభము. ఆసుపత్రికి పోయి, అనుమతులు తెచ్చి, రోగులతో మాటలాడి, రికార్డులు తిరుగవేయుటకు నెలలు పట్టును. దింపుకొనుటకు నిమిషము చాలును. వారమునకొక పూటయైనను తనది కాని వాడు ఏది చేయును?

ఈ తీరమున ప్రశ్నలకు కరవు లేదు. కావలి నుండి తూర్పుగా పోయిన కొలదియు రొయ్యల చెరువులు వరుసగా కనిపించును. 1990ల మధ్యభాగమున తెల్లమచ్చ తెగులు టైగరు రొయ్యను తుడిచిపెట్టి ఎన్నో కుటుంబములను అప్పులలో ముంచినది. 2009లో వెనామీ రకపు రొయ్యకు అనుమతి వచ్చిన పిమ్మట ఈ సాగు మరల కోలుకొన్నది. చెరువుకు గండము తెల్లవారుజామున వచ్చును. రాత్రియంతయు నీటిలోని నాచుతో పాటు సమస్త ప్రాణులును ఆక్సిజన్‌ను పీల్చుటయే గాని, ఎండ లేనందున నాచు దానిని విడుదల చేయుట లేదు గనుక, వేకువకు ముందు నీటిలో కరగిన ప్రాణవాయువు మిక్కిలి తగ్గును. ఆ వేళ కరెంటు పోయి, నీటిలో గాలి కలుపు ఏరియేటర్లు నిలిచెనా, రొయ్యలు నీటిపైకి తేలును. గంటల వ్యవధిలో పంట పోవును. అందుచేత కాపలావాడు టార్చిలైటు వేసికొని గట్టు వెంబడి తిరుగును. చెక్ ట్రే పైకెత్తి, వేసిన మేత ఎంత మిగిలినదో, రొయ్య పేగు నిండి నల్లగా నున్నదో ఖాళీగా నున్నదో చూచును.

నీటిలో ఒక సెన్సారు పెట్టి ఫోనుకు కబురు పంపిన సరిపోదా యని చదువరి అడుగవచ్చును. సెన్సారు పెట్టినవారు ఉన్నారు. కాని చెరువు నీటిలో కొన్ని దినములు మునిగియున్న సెన్సారుకు పాచి పట్టును. పాచి పట్టిన కొలది అంకె మెల్లమెల్లగా తప్పుదారి పట్టును. తప్పినదెప్పుడో అంకెను చూచిన తెలియదు. నిజముగా ఆక్సిజన్ తగ్గినదా, పరికరము మోసగించుచున్నదా? తన కొలమానమే క్రమముగా చెడుచున్నప్పుడు, ప్రమాదములు అరుదుగా మాత్రమే సంభవించి ఉదాహరణలు కొద్దిగానే దొరకునప్పుడు, యంత్రము దేనిని నమ్మి నేర్చుకొనవలెను? ఇది చెరువు గట్టున పుట్టిన ప్రశ్నయే యైనను, దీని లోపల నున్నది శుద్ధ శాస్త్రము. ఆసుపత్రి పరికరములకును, విమాన యంత్రములకును, వాతావరణ కేంద్రములకును ఇదే చిక్కు. స్థానిక సమస్య అనగానే చిన్న సమస్య యని తలచువారు ఈ భేదమును గ్రహింపవలెను.

రాజ్ రెడ్డిగారి ప్రశ్నకు సైతము ఈ తీరమున శేషము మిగిలియున్నది. జువ్వలదిన్నె మత్స్యకారుడు చేపల వేలము వేళ, అలల హోరులో, పదిమంది ఒక్కసారి కేక వేయుచుండగా, ‘పోతుండా, వస్తుండా’ యను నెల్లూరు పలుకుబడిలో చెప్పిన ధరను ఫోనులోని యంత్రము తప్పు లేకుండ వ్రాయగలదా? హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ, ఉపగ్రహములు కొలిచిన సముద్ర జలపు వేడిమిని, నాచు సాంద్రతను బట్టి చేపలు దొరకగల తావులను మత్స్యకారులకు తెలియజేయుచున్నది. కబురు ఎక్కువగా ఒకవైపే సాగుచున్నది. పడవవాడు తిరిగి తన నోటి మాటతో, అక్కడ చేప దొరికినదో లేదో చెప్పగలిగిన నాడు ఆ శాస్త్రము మరింత పదునెక్కును.

వేలకొలది ప్రాసెసర్లతో మహా సంస్థలు భాషా యంత్రములను నిర్మించుచున్న ఈ కాలమున చిన్న ఊరి కళాశాల చేయగలిగినదేమని అడుగువారున్నారు. వారి మాటలో నిజము కలదు. అట్టి యంత్రములను కావలిలో నిర్మింపజాలము. కాని అవి ఎక్కడ తప్పుచున్నవో మనకు తెలిసినంతగా దూరముననున్న వారికి తెలియదు. తప్పును కొలుచుట, కొలిచిన దానిని నలుగురు పరీక్షింపగలుగునట్లు భద్రపరచుట, కొద్దిపాటి సమాచారముతో దానిని సవరించుట, ఇవి గొప్ప యంత్రశాల కన్న ఓర్పును, ఊరి పరిచయమును ఎక్కువగా కోరు పనులు.

ఆ ఓర్పునకు కాలము కావలెను. 2022 నిబంధనలు పార్ట్‌టైము పీహెచ్‌డీని అంగీకరించుచు, ఉద్యోగము చేయువారు తమ యాజమాన్యము నుండి నో అబ్జెక్షన్ పత్రము తేవలెనని చెప్పుచున్నవి. ఆ పత్రములో మూడు మాటలుండవలెను: చదువుటకు అనుమతి ఇచ్చితిమని, ఉద్యోగ విధులలో పరిశోధనకు తగినంత కాలము దొరకునని, అవసరమైనచో కోర్సువర్కు ముగించుటకు విధుల నుండి విడుదల చేసెదమని. మొదటి మాట నెరవేరును. తక్కిన రెండును కాగితము మీదనే నిలిచిపోవుచున్నవి. అధ్యాపకుడు వానిని చూపి అడుగలేడు, అడిగిన మరుసటి సంవత్సరమున తనకు ఉద్యోగముండునో ఉండదో యను శంక. విశ్వవిద్యాలయము వానిని గూర్చి విచారింపదు, ఫైలులో పత్రము ఉన్నది గనుక.

పూర్తికాలము చదువుటకు పోవచ్చును గదా యందురు. నెట్ ద్వారా జేఆర్ఎఫ్ అను పరిశోధన వేతనమునకు ఎంపికైన వారికి 2023 నుండి నెలకు 37,000 రూపాయల భృతి ఇచ్చుచున్నారు. అది యువకునకు చాలును, ఇంటి అప్పును, పిల్లల ఫీజులను, వృద్ధులైన తల్లిదండ్రులను మోయువానికి చాలదు. అధ్యాపకులు జీతము పోకుండ ఐఐటీల వంటి చోట్ల పీహెచ్‌డీ చేయుటకై క్యూఐపీ అను పథకమును భారత ప్రభుత్వము 1970లోనే ప్రారంభించినది. అర్ధ శతాబ్దము గడచినను, ప్రైవేటు కళాశాల అధ్యాపకుని విడిచిపెట్టి అతని స్థానమున మరియొకరిని నియమించుకొను యాజమాన్యము అరుదు.

స్త్రీల విషయమున ఈ కొరత ఇనుమడించును. కళాశాల బస్సు దిగి ఇంటికి చేరిన అధ్యాపకురాలికి ఆ పైన ఇంకొక దినము మొదలగును. నిబంధనలు ఆమెకు గడువు మీద రెండేండ్లును, ప్రసూతికి 240 దినముల సెలవును ప్రసాదించినవి, ఇవి న్యాయమైనవే. అయినను ఈ దయ అంతయు గడువు చివరన జతచేయబడుచున్నది. ఆమెకు కావలసినవి ఎన్నో ఏండ్ల తరువాత వచ్చు అదనపు నెలలు కావు, ఈ బుధవారము, ఈ గురువారము. చదువుచున్న పత్రమును మధ్యలో విడిచి పదిదినముల తరువాత మరల తెరచినచో, అందలి నిరూపణను మొదటి పంక్తి నుండి పట్టవలసి వచ్చును. ఏండ్లు పొడిగించిన కొలది అట్టి పునఃప్రారంభములే పెరుగును.

కావున నేను కోరునది స్వల్పము. జేఎన్‌టీయూ అనంతపురము గాని, విక్రమ సింహపురి గాని, పార్ట్‌టైము అభ్యర్థుల నో అబ్జెక్షన్ పత్రముతో పాటు ఆ సెమిస్టరు టైంటేబులును కూడ జతపరుపుమని అడుగవలెను. అందులో ఆ అధ్యాపకుని పేర వారమునకు రెండు దినములు తరగతులు లేకుండ ఉన్నవని ప్రిన్సిపాలు సంతకము చేయవలెను. సెమిస్టరునకొకసారి కూడు పరిశోధన సలహా సంఘము, పత్రముల సంఖ్య అడుగుటకు ముందు, ఆ రెండు దినములు నిజముగా దొరికినవా యని అడిగి వ్రాసికొనవలెను. కావలి పి.జి. కేంద్రములో నెలకొక శనివారము, ఈ చుట్టుప్రక్కల కళాశాలలలో పరిశోధన చేయుచున్న వారందరు కూడి, ఒకరి పనిని మరియొకరు వినుటకు ఒక గది చాలును. ఒక బల్లయు, ఒక నల్లబల్లయు తప్ప అందుకు ధనవ్యయము లేదు. రొయ్యల రైతులు, మత్స్యకార సంఘముల వారు, ఏరియా ఆసుపత్రి వైద్యులు తమ చిక్కులు చెప్పుకొనుటకు ఆ గది తలుపు తెరచి యుంచిన చాలును. వచ్చు జూన్‌లో క్రొత్త టైంటేబుళ్లు తయారగును.