బార్మ్‌బ్రాక్‌ని ఆ పేరుతోనే రాసుకుందాం

మా ఇంటి వంటల పుస్తకంలో కొత్త పేజీ ఒకటి చేరబోతోంది. దాని మీద ఇంట్లో చర్చ ఇంకా తెగలేదు. పిల్లలేమో 'కిస్మిస్ రొట్టె' అని రాసేద్దాం అంటున్నారు. పెద్దవాళ్లేమో మనది కానిది ఈ పుస్తకంలో ఎందుకంటున్నారు. మేమిద్దరం చెప్పేది ఒకటే: రాయాలి, బార్మ్‌బ్రాక్ అనే రాయాలి.

ఐర్లాండ్‌లో హాలోవీన్‌కి, అంటే అక్టోబర్ 31న, తినే రొట్టె ఇది. ఐరిష్‌లో 'బ్రాక్' అంటే మచ్చలున్నది అని. కోసిన ముక్కలో ఎండుద్రాక్ష మచ్చల్లాగే కనబడుతుంది. పూర్వం పిండిలో ఉంగరం, నాణెం, గుడ్డపీలిక దాచేవాళ్లు. ఉంగరం దొరికితే పెళ్లి, నాణెం దొరికితే డబ్బు, పీలిక దొరికితే లేమి. అంటే అది వట్టి రొట్టె కాదు, ఇంటిల్లిపాదీ కూర్చుని జాతకం చూసుకునే వేడుక. 'కిస్మిస్ రొట్టె' అనగానే ఈ కథంతా పోతుంది.

ఈస్ట్ వేసి చేసేది ఒక రకం, టీలో నానబెట్టి చేసేది ఇంకో రకం. ఇంట్లో రెండోదే సులువు. 350 గ్రాముల ఎండుద్రాక్ష, 150 గ్రాముల బెల్లం తురుము, 300 మి.లీ. చిక్కటి డికాషన్‌లో రాత్రంతా నానాలి. పొద్దున 250 గ్రాముల మైదా, రెండు చెంచాల బేకింగ్ పౌడర్, కాస్త దాల్చినచెక్క పొడి, ఒక గుడ్డు కలిపి, ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర గంటకు పైగా ఉంచాలి. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు. వెన్న, నూనె ఏమీ పడవు. అక్కడ బ్రౌన్ షుగర్ వేస్తారు, మేం బెల్లం వేస్తాం. గుడ్డు తినని వాళ్లకి పావు కప్పు పెరుగు. ఈ మార్పులు మావని పేజీ కింద విడిగా రాస్తాం.

పరాయి పేరుతో ఇబ్బందేముంది? బెంగళూరు అయ్యంగార్ బేకరీల్లో కొబ్బరి, టూటీఫ్రూటీ కూరి చేసే దిల్‌పసంద్ ఉంది కదా. హాసన్ వైపు నుంచి వచ్చిన అయ్యంగార్లు దాన్ని ఉర్దూ పేరుతోనే అమ్ముతున్నారు, మనం అదే పేరుతో అడిగి కొనుక్కుంటున్నాం.

అసలు పేరు విలువ అత్తిబెలెలో ఉన్న మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అటు నాలుగడుగులేస్తే తమిళనాడు. మన ఇంట్లో బొబ్బట్టు ఎప్పుడో ఒబ్బట్టు అయిపోయింది. ఆంధ్రా చుట్టాలు నవ్వుతారు, వాళ్లకి మనం బెంగళూరువాళ్లం. ఇక్కడేమో మనం తెలుగువాళ్లం. ఎక్కడినుంచి వచ్చామో ఎవరూ గుర్తుంచుకోకపోతే ఎలా ఉంటుందో తెలిసిన మనమే, ఇంకొకళ్ల రొట్టెకి ఆ పని చేయడం న్యాయం కాదు.

పెద్దవాళ్లకి ఒక మనవి. ఈ రొట్టె మర్నాటికి ఇంకా బాగుంటుంది. మర్నాడంటే నవంబర్ 1: కన్నడ రాజ్యోత్సవం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజు కూడా. ఆ రోజు ఒబ్బట్టు ఎలాగూ చేస్తాం. పక్కనే వెన్న రాసిన బార్మ్‌బ్రాక్ ముక్క పెడతాం. తిన్నాక పుస్తకంలో చోటివ్వాలో వద్దో చెప్పండి.