నా కడుపుకి ఎవరి సంతకం?

"ఆడవాళ్ళన్నాక కడుపునొప్పి మామూలే." ఈ మాట మా అమ్మమ్మ నోటా విన్నాను, ఎం.ఎస్. చదివిన సర్జన్ నోటా విన్నాను. నెలసరి నొప్పి, కాన్పు నొప్పి సరే. ఆపరేషన్ అయ్యాక ఏళ్ళకేళ్ళు మిగిలే నొప్పిని కూడా ఎవర్నీ అడక్కుండా ఈ "మామూలు"లో కలిపేశారు. నా పేచీ అక్కడే.

పొట్ట కోసి కుట్టాక, లోపల మానే క్రమంలో పీచులాంటి పొరలు పుట్టి పేగుని పేగుకి, పేగుని పొట్టగోడకి అతికించేస్తాయి. చాలామందిని ఇవి ఏ ఇబ్బందీ పెట్టవు. కొందరికి మాత్రం తీరని నొప్పి, గర్భం రాకపోవడం, పేగుకి అడ్డుపడటం దాకా పోతుంది. మగవాళ్ళకీ వస్తాయి, కాదనను. కానీ ఎవరి పొట్టలు ఎక్కువగా కోస్తున్నారో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. ఆ పైన కు.ని. ఆపరేషన్. ఆ పైన గర్భసంచి తీసేయడం. కోతలు లెక్కపెట్టే ఈ సర్వే, కోత తర్వాత ఆ మనిషి ఎలా ఉందని అడగదు.

నావి రెండు కోతలు, అపెండిక్స్, సిజేరియన్. రెండోదాని తర్వాత వంగితే చాలు కుడిపక్క లోపల ఎవరో పట్టి లాగినట్టుండేది. ఈ అతుకులు స్కానింగులో సాధారణంగా కనబడవు. కాబట్టి "అన్నీ నార్మలే, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. పిహెచ్.డి. చేశానని చెప్పడం ఇంకా చేటయింది. "ఎక్కువ చదివితే ఇలాగే ఎక్కువ ఆలోచిస్తారు"ట! రెండేళ్ళకి పిత్తాశయంలో రాళ్ళు బయటపడ్డాయి. రాళ్ళు ఫిల్ములో కనబడ్డాయి గనక నా నొప్పికి కాస్త పరువొచ్చింది.

పిత్తాశయ రాళ్ళకి వైద్య విద్యార్థులు బట్టీపట్టే గుర్తొకటుంది. ఫ్యాట్, ఫీమేల్, ఫార్టీ, ఫర్టైల్. ఈస్ట్రోజన్ వల్ల, గర్భాల వల్ల ఈ రాళ్ళు స్త్రీలకే ఎక్కువన్నది నిజమే. కానీ మన ప్రబంధకవులు పాదాల నుంచి జడ దాకా వర్ణించినట్టే వీళ్ళూ నాలుగు మాటల్లో ఓ నాయికని తయారుచేశారు. ఆ నాయిక మాత్రం ఎక్కడా నోరు తెరవదు.

నేను తెరిచాను. లాపరోస్కోపీలో బొడ్డు దగ్గర రంధ్రం చేసి కెమెరా దించుతారు. పాత కోతల వల్ల పేగు అక్కడే అతుక్కుని ఉంటే ఆ మొదటి రంధ్రమే పేగుని గాయపరచొచ్చు. నా పాత ఆపరేషన్ నోట్సు చూశారా, అతుకులుంటే విడదీస్తారా, విడదీస్తే మళ్ళీ రావా అని అడిగాను. జవాబు నా సహచరుడికి వెళ్ళింది. "అవన్నీ మేం చూసుకుంటాం, మీరు సంతకం పెట్టండి సార్." అతను పెన్ను నా చేతికిచ్చాడు, అది వేరే సంగతి.

అవి పనికిమాలిన ప్రశ్నలు కావు. 2003లో 'లాన్సెట్'లో వచ్చిన నెదర్లాండ్స్ అధ్యయనంలో వందమందిలో దాదాపు సగం మందికి అతుకులు విడదీశారు, మిగతావాళ్ళకి కెమెరాతో చూసి ఊరుకున్నారు. ఏడాదికి నొప్పి రెండు గుంపుల్లోనూ ఇంచుమించు ఒకేలా తగ్గింది. పైగా విడదీసినచోట కొత్తవి పుట్టొచ్చు. ఇవన్నీ విన్నాక ఒప్పుకోవాలో వద్దో తేల్చుకోవాల్సింది ఆ కడుపు ఎవరిదో వాళ్ళు. సమీరా కోహ్లీ కేసులో, పరీక్ష కోసం మత్తిచ్చిన స్త్రీకి తల్లి సమ్మతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. నిర్ణయించుకోగల వయోజన స్త్రీ తరఫున మరొకరి ఒప్పుకోలు చెల్లదని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. ఆస్పత్రి కౌంటర్లకి ఆ తీర్పు ఇంకా చేరినట్టు లేదు.

మనమూ తక్కువ తినలేదు. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్'ని కవిత్వంలోకి తెచ్చారు. కాన్పయిన ఐదేళ్ళకి వంగి ముగ్గెయ్యలేని మనిషి మన కథల్లో ఎక్కడుంది? శరీర రాజకీయాల మీద సెమినార్లు పెడతాం కదా, పక్క కుర్చీలో పొట్ట పట్టుకుని కూర్చున్న మనిషిని ఎప్పుడైనా అడిగామా?

అడిగిన 72 గంటల్లో రోగికి రికార్డులివ్వాలని 2002 నాటి వైద్యమండలి నియమాలు చెబుతున్నాయి. నా సిజేరియన్ నోట్సు కోసం మూడుసార్లు తిరిగాను. మూడోసారి ఆ నియమం ఉటంకించి రాసిచ్చాక నాలుగు పేజీలు చేతికొచ్చాయి. అపెండిక్స్ కోత దగ్గర పేగు పొట్టగోడకి అతుక్కుని ఉందని మూడో పేజీలో ఉంది. రాసింది నా కాన్పునాడే.