వీలునామా రాయాలంటే లాయర్‌ను ఎలా వెతకాలి? వెళ్లే ముందు ఏం తెలుసుకోవాలి?

మహిళలు, ముఖ్యంగా హిందూ మహిళలు, ఆలస్యం చేయకుండా వీలునామా రాసుకోవాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో విజ్ఞప్తి చేసింది. హిందూ వారసత్వ చట్టంలోని సెక్షన్ 15ను సవాల్ చేసిన పిటిషన్‌పై విచారణలో ఈ మాట చెప్పింది. సెక్షన్ చెల్లుతుందా, లేదా అన్నది మాత్రం తేల్చలేదు.

సలహా బాగానే ఉంది. అయితే వీలునామా ఎవరితో రాయించాలి? డాక్టర్ కావాలంటే గుండెకు ఎవరు, కంటికి ఎవరు అని బోర్డు చూస్తే తెలుస్తుంది. లాయర్ల విషయంలో అలా తెలియదు. దానికి కారణమేంటి, మీ ఊళ్లో సరైన లాయర్‌ను ఎలా వెతుక్కోవాలి?

సుప్రీంకోర్టు ఎందుకలా చెప్పింది?

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక మహిళ తన జీతంతో ఫ్లాట్ కొనుక్కున్నారు. పిల్లలు లేరు. భర్త చనిపోయారు. తల్లి ఆమెతోనే ఉంటున్నారు. వీలునామా రాయకుండా ఆమె చనిపోతే ఫ్లాట్ ఎవరికి వెళ్తుంది?

చాలామంది తల్లికే అనుకుంటారు. కానీ సెక్షన్ 15(1) ప్రకారం మొదటి హక్కు పిల్లలది, భర్తది. వారు లేకపోతే భర్త వారసులది. ఆ తర్వాతే ఆమె తల్లిదండ్రులు. అంటే కూతురి కష్టార్జితంపై ఆమె తల్లి కంటే అత్తింటివారికే ముందు హక్కు వస్తుంది. తల్లిదండ్రుల నుంచి ఆమెకు సంక్రమించిన ఆస్తికి మాత్రం నిబంధన వేరు. ఆమెకు సంతానం లేకపోతే అది తండ్రి వారసులకు వెళ్తుంది.

రెండు పేజీల వీలునామా ఉంటే ఈ వరుస వర్తించదు. తన ఆస్తి తల్లికి వెళ్లాలని ఆమే నిర్ణయించుకోవచ్చు.

నామినీ పేరు ఉంటే సరిపోదా?

సరిపోదు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకునే వీలు వచ్చింది. దీంతో నామినేషన్ ఉంటే వీలునామా అక్కర్లేదనే అభిప్రాయం పెరిగింది. నామినీ అంటే ఖాతాదారు తర్వాత బ్యాంకు నుంచి డబ్బు అందుకునే వ్యక్తి మాత్రమే. ఆ డబ్బు చివరికి ఎవరికి చెందాలన్నది వీలునామా, అది లేకపోతే వారసత్వ చట్టం నిర్ణయిస్తాయి. షేర్లు, మ్యూచువల్ ఫండ్ల నామినీల విషయంలోనూ సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఇదే చెప్పింది.

లాయర్ లేకుండా రాస్తే చెల్లదా?

చెల్లుతుంది. భారత వారసత్వ చట్టం, 1925లోని సెక్షన్ 63 ప్రకారం రాసిన వ్యక్తి సంతకం లేదా వేలిముద్ర, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. స్టాంపు పేపర్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయించడం మంచిది. అనారోగ్యంతో కదల్లేని వారి ఇంటికే సబ్ రిజిస్ట్రార్ వచ్చి రిజిస్టర్ చేసే అవకాశం కూడా చట్టంలో ఉంది.

ఒకే ఇల్లు, ఒకే వారసుడు, గొడవలు లేని కుటుంబం అయితే సొంతంగా రాసుకున్నా ఇబ్బంది రాకపోవచ్చు. కొన్ని సందర్భాల్లో మాత్రం లాయర్ సలహా అవసరం.

- పూర్వీకుల నుంచి వచ్చిన ఆస్తి ఉన్నప్పుడు. అందులో మీ వాటా వరకే మీరు వీలునామా రాయగలరు. కూతుళ్లకూ పుట్టుకతోనే సమాన హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.
- రెండో పెళ్లి, దత్తత, వేరుగా ఉంటున్న భార్యాభర్తలు వంటి పరిస్థితులు ఉన్నప్పుడు.
- మానసిక వైకల్యం ఉన్న బిడ్డ జీవితాంతం బతకడానికి ఏర్పాటు చేయాల్సినప్పుడు.
- వారసుల్లో ఒకరికి తక్కువ ఇవ్వాలనో, అసలు ఇవ్వకూడదనో అనుకున్నప్పుడు.
- అసైన్డ్ భూమి, 22ఏ నిషేధిత జాబితాలోని భూమి, వ్యాపారంలో వాటా ఉన్నప్పుడు.

మతాన్ని బట్టి కూడా నిబంధనలు మారతాయి. ముస్లిం పర్సనల్ లా ప్రకారం అంత్యక్రియల ఖర్చులు, అప్పులు పోగా మిగిలిన ఆస్తిలో సాధారణంగా మూడో వంతు వరకే వీలునామా రాయొచ్చు. అంతకు మించితే వారసుల సమ్మతి కావాలి. క్రైస్తవులు పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితో రద్దవుతుంది. హిందువులకు ఈ నిబంధన లేదు.

ఈ లాయర్లు ఎందుకు కనిపించరు?

అమెరికాలో 'ఎస్టేట్ ప్లానింగ్ అటార్నీ' అని బోర్డులు ఉంటాయి. ఇక్కడ ఆ పేరుతో ప్రత్యేక శాఖ లేదు. వీలునామాలు, భాగ పంపకాలు, గిఫ్ట్ డీడ్‌లు చూసేది సివిల్ లాయర్లే.

రెండో కారణం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్ 36. లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు. ఫలానా రకం కేసుల్లో నిపుణుడినని నేమ్ బోర్డుపై రాసుకోకూడదు. 2008 సవరణ తర్వాత పేరు, చిరునామా, అర్హతలు, ఏ రంగంలో ప్రాక్టీస్ చేస్తున్నారు వంటి వివరాలను వెబ్‌సైట్‌లో పెట్టుకునే వీలు మాత్రం కల్పించారు.

మరి ఫోన్‌లో వెతికితే వచ్చే 'టాప్ 10 లాయర్లు' జాబితాల సంగతేంటి? వాటిలో స్టార్ రేటింగులు ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో తెలియదు. ఇలా ఆన్‌లైన్ వేదికల ద్వారా పని సంపాదించుకోవడంపై చర్యలు తీసుకోవాలని మద్రాసు హైకోర్టు 2024 జులైలో బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది.

ఈ రూల్ వెనుక ఉద్దేశం న్యాయవాద వృత్తి వ్యాపారం కాకూడదన్నదే. అయితే ప్రకటనలను ఆపిన వ్యవస్థ, ఎవరు ఏ పని బాగా చేస్తారో ప్రజలకు తెలిసే మార్గాన్ని చూపలేదు. ఆ ఖాళీలోకి రేటింగ్ సైట్లు, దళారులు, బంధువుల సిఫార్సులు వచ్చాయి.

డాక్యుమెంట్ రైటర్ సరిపోరా?

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట ఉండే డాక్యుమెంట్ రైటర్లకు సర్వే నంబర్లు, హద్దులు, లింకు డాక్యుమెంట్లపై మంచి అనుభవం ఉంటుంది. ఫీజూ తక్కువ. సాదాసీదా వీలునామాకు చాలామంది వారి దగ్గరకే వెళ్తారు.

తేడా ఎక్కడంటే, వారు మీరు చెప్పింది రాస్తారు. మీరు చెప్పింది చట్ట ప్రకారం నిలబడుతుందా, రేపు ఎవరు అడ్డుపడతారు అన్నది ఆలోచించాల్సింది లాయర్. మీరు చెప్పిన కుటుంబ విషయాలను గోప్యంగా ఉంచాల్సిన చట్టపరమైన బాధ్యత కూడా లాయర్‌కు ఉంటుంది.

ఎక్కడ వెతకాలి?

ఆస్తి ఉన్న ఊరి నుంచి మొదలుపెట్టండి. వివాదం వస్తే సాధారణంగా కేసు నడిచేది ఆస్తి ఉన్న ప్రాంతంలోని కోర్టులోనే. రికార్డులూ రాష్ట్రాన్ని బట్టి వేరు. తెలంగాణలో ధరణి స్థానంలో 2025లో భూభారతి వచ్చింది. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ అక్కడ తహసీల్దార్ ఆఫీసులో జరుగుతుంది. ఏపీలో అడంగల్, 1బీ చూసుకోవాలి. గుంటూరు పొలానికి హైదరాబాద్ లాయర్ సలహా ఇవ్వొచ్చు. కానీ అక్కడి రికార్డులు తెలిసినవారు ఒకసారి చూడటం అవసరం.

తర్వాత ఈ మార్గాలు ప్రయత్నించండి.

1. జిల్లా కోర్టు లేదా సివిల్ కోర్టులోని బార్ అసోసియేషన్ ఆఫీసుకు వెళ్లి, భాగ పంపకాలు, వీలునామా కేసులు ఎక్కువగా చూసే సివిల్ లాయర్లు ఎవరని అడగండి. ఒక్కరితో ఆగకుండా ఇద్దరు ముగ్గురి పేర్లు తీసుకోండి.
2. ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో అడ్వకేట్ పేరుతో కేసులు వెతకొచ్చు. ఆయన చేసేవి ఎక్కువగా క్రిమినల్ కేసులా, సివిల్ దావాలా అన్నది కొంత అర్థమవుతుంది. మీ బంధువుల తరఫున ఇప్పటికే వాదిస్తున్నారేమో కూడా కనిపించవచ్చు.
3. ఎన్‌రోల్‌మెంట్ నంబర్ అడిగి, రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో సరిచూసుకోండి. అడగడంలో తప్పు లేదు.

మొదటిసారి కలిసినప్పుడు ఏం అడగాలి?

- మీరు రాసిన వీలునామాపై ఎప్పుడైనా కోర్టులో వివాదం వచ్చిందా? వీలునామా బలం తేలేది అక్కడే.
- సాక్షులుగా ఎవరు ఉండాలి? మీకంటే చిన్నవారు, అదే ఊళ్లో ఉండేవారు, ఆస్తిలో లాభం లేనివారు అయితే మంచిది. రేపు వివాదం వస్తే కనీసం ఒక సాక్షి కోర్టుకు వచ్చి చెప్పాల్సి ఉంటుంది. లాయరే సాక్షి సంతకం చేస్తానంటే ఆలోచించండి. తాను సాక్షి అయ్యే కేసును లాయర్ వాదించకూడదని బార్ కౌన్సిల్ నిబంధన ఉంది.
- వీలునామా మేలా, గిఫ్ట్ డీడా? వీలునామాను బతికున్నంత కాలం మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడ్‌తో హక్కు వెంటనే పోతుంది. చూసుకుంటామన్న షరతుతో ఆస్తి తీసుకుని పిల్లలు పట్టించుకోకపోతే, 2007 నాటి వయోవృద్ధుల సంరక్షణ చట్టంలోని సెక్షన్ 23 కింద రద్దు కోరవచ్చు. ఆ షరతు రాతలో ఉందా అన్నది ఇక్కడ కీలకం.
- ప్రొబేట్ కావాలా? చెన్నై, ముంబయి, కోల్‌కతా ఆస్తుల విషయంలో హిందువులకు ప్రొబేట్ తప్పనిసరి చేసిన సెక్షన్ 213ను 2025 డిసెంబరులో పార్లమెంటు తొలగించింది. చెన్నైలో ఫ్లాట్ ఉన్నవారు ఇది తప్పక అడగాలి. లాయర్‌కు తాజా మార్పులు తెలుసా అన్నదీ తేలిపోతుంది.
- ఫీజు ఎంత, అందులో ఏమేం ఉంటాయి? డ్రాఫ్టింగ్, రిజిస్ట్రేషన్ రోజు రావడం, తర్వాత మార్పులు, ఇలా విడివిడిగా కాగితంపై రాయించుకోండి.

మీరు వెళ్లేటప్పుడు ఆస్తుల జాబితా, ఈసీ, లింకు డాక్యుమెంట్ల జిరాక్సులు, అప్పుల వివరాలు, కుటుంబ సభ్యుల పేర్లు తీసుకెళ్లండి. ఒరిజినల్స్ ఇచ్చి రావద్దు.

ఎప్పుడు జాగ్రత్తపడాలి?

ఆస్తి విలువలో ఇంత శాతం ఫీజుగా ఇవ్వమంటే అక్కడితో ఆగండి. ఫలితం మీద ఆధారపడిన ఫీజు, ఆస్తిలో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. మీ కుటుంబం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా కంప్యూటర్‌లోని పాత నమూనాలో పేర్లు మార్చి ఇస్తే, అందుకు లాయర్ అవసరం లేదు.

లాయర్‌ను ఎవరు తీసుకొచ్చారన్నదీ ముఖ్యమే. ఎక్కువ ఆస్తి పొందబోయే కొడుకో, కూతురో లాయర్‌ను మాట్లాడి, ఫీజు కట్టి, పక్కన కూర్చుని వీలునామా రాయిస్తే కోర్టులు అనుమానంగా చూస్తాయి. లబ్ధి పొందే వ్యక్తే ముందుండి రాయిస్తే ఆ అనుమానాన్ని తొలగించాల్సిన బాధ్యత అతనిదేనని సుప్రీంకోర్టు 1950ల చివర్లోనే చెప్పింది. అందుకే పెద్దవారు లాయర్‌తో ఒంటరిగా మాట్లాడాలి. పిల్లలు బయట కూర్చోవడం వారికే మంచిది.

ఫీజు కట్టలేకపోతే?

జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించవచ్చు. కోర్టులో కేసు ఉంటేనే సాయం చేస్తారన్నది అపోహ. 1987 చట్టం ప్రకారం న్యాయ సలహా కూడా వారి సేవల్లో భాగమే. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు ఆదాయంతో సంబంధం లేకుండా అర్హులు. మిగతావారిలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసి వివరాలు తెలుసుకోవచ్చు.

విదేశాల్లో ఉన్నవారి సంగతేంటి?

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన తెలుగువారు ఇక్కడి ఆస్తిని అక్కడి లాయర్‌కే వదిలేయడం పొరపాటు. స్థిరాస్తి ఏ దేశంలో ఉంటే అక్కడి చట్టమే వర్తిస్తుంది. ఇక్కడి ఆస్తులకు, అక్కడి ఆస్తులకు వేర్వేరు వీలునామాలు రాసుకోవచ్చు. అయితే ఒకటి రెండోదాన్ని రద్దు చేయకుండా ఇద్దరు లాయర్లూ చూడాలి. పవర్ ఆఫ్ అటార్నీ వీలునామాకు బదులు కాదు. ఇచ్చిన వ్యక్తి మరణంతోనే సాధారణంగా అది చెల్లకుండా పోతుంది.

లాయర్ తప్పు చేస్తే?

లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందకు రావని 2024 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లలేరు. వృత్తిపరమైన దుష్ప్రవర్తనపై రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. నష్టపరిహారం కావాలంటే సివిల్ కోర్టుకు వెళ్లాలి.

వీలునామా విషయంలో చిక్కు మరొకటి ఉంది. అందులో తప్పు బయటపడేసరికి రాసిన మనిషి ఉండరు. 'మా అమ్మ ఉద్దేశం ఇది' అని ఎంత చెప్పినా కోర్టు ముందుగా చూసేది కాగితంలో ఉన్న మాటనే. పైన చెప్పిన ఉదాహరణలో ఆ తల్లికి ఇల్లు మిగులుతుందా, లేదా అన్నది ఆ కాగితంపైనే ఆధారపడి ఉంటుంది.

వీలునామా రాసుకోమని కోర్టు చెప్పింది. ఎవరు రాయగలరో చెప్పే పని ఇంకా ఎవరూ తీసుకోలేదు. జిల్లాలవారీగా, రంగాలవారీగా లాయర్ల వివరాలను బార్ కౌన్సిళ్లే ప్రజలకు అందుబాటులో ఉంచితే ఈ వెతుకులాట చాలావరకు తగ్గుతుంది. అప్పటిదాకా ఇద్దరు లాయర్లను కలిసి, రెండు డ్రాఫ్టులు కాదు, రెండు అభిప్రాయాలు తీసుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టండి.